అవ్వ వండిన స్పెసిమెన్లు

గోదావరిఖనిలో మా చిన్నప్పుడు సముద్రం ఆదివారం మాత్రమే దొరికేది. అంగడిలో ఉల్లిగడ్డల వరుస దాటి, ముక్కు మూసుకుని కుడికి తిరిగితే గోనెపట్టాల మీద కుప్పలు పోసి ఉండేది. ఎండిన వంజరం ముక్కలు, బెల్టుల్లా పొడుగ్గా సావడాయిలు, కట్టెపేళ్ళలాంటి సొర్ర తునకలు, దోసిళ్ళకొద్దీ నెత్తళ్ళు. మంచినీటి చేపను గోదావరి ఇచ్చేది. అది మొప్పలు ఆడిస్తూ, నోరు తెరిచి మనల్ని తిడుతున్నట్టు చూసేది. సముద్రపు చేప మాత్రం ఉప్పు కొట్టించుకుని, నిలువునా చీలి, తల పోగొట్టుకుని, నాలుగు జిల్లాల దుమ్ము తిని మా దాకా వచ్చేది. అందుకని పదేళ్ళ వయసు దాకా సముద్రపు చేపలకు తలలుండవనే నేను నమ్మాను. నెత్తళ్ళకు బుల్లి తలలు ఉండేవి గానీ, అవి పిల్లచేపలు కాబట్టి ఉన్నాయని, పెద్దయ్యాక మన పాలపళ్ళలాగే రాలిపోతాయని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. (ఇలాంటి మనిషి తర్వాత జువాలజీ చదివింది. చదవనిచ్చారు కూడా.)

నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నప్పటి సంగతి ఇది. బాపుది బొగ్గుబాయిలో పని. కంపెనీ ఇచ్చిన రెండు గదుల క్వార్టర్‌లో బాపు, అమ్మ, నేను, బాపును కన్న మా అవ్వ ఉండేవాళ్ళం. డిగ్రీ అయ్యాక హన్మకొండ వెళ్ళి ఎమ్మెస్సీ చదవాలని నా కోరిక. బాపుకు నా చదువంటే ప్రేమే గానీ, ఆడపిల్లను హాస్టల్లో పెట్టాలంటే గుండె చాలదు. వద్దనలేక, సరేననలేక, ఆ భారం యూనివర్సిటీ మీద వేశాడు. "ఒక్కసారిల అన్ని పాసైతె అన్మకొండ పంపుత. ఒక్కటి పోయినా మీ మామ దుకాణంల కూసుంటవ్, మల్ల నన్నడగద్దు" అన్నాడు. మా మేనమామకు బస్టాండు ఎదురుగా జిరాక్స్ దుకాణం ఉండేది. పొద్దంతా మూత ఎత్తడం, రేషన్ కార్డు పెట్టడం, మూత దించడం. అప్పుడప్పుడు సరదాకు కుల ధృవీకరణ పత్రం. మామ నా కోసం అప్పటికే ఒక ప్లాస్టిక్ కుర్చీ కొని ఉంచాడు. దుకాణం ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఆ ఖాళీ కుర్చీ కనబడకుండా తల అటు తిప్పుకునేదాన్ని.

థియరీ పరీక్షలు ఎలాగో గట్టెక్కాను. మిగిలింది జువాలజీ ప్రాక్టికల్స్. దానికి మాకున్న దిక్కు సీసాల సార్. ప్రయోగశాలలో ఉన్న గాజు సీసాలన్నీ తన సొంత సంతానమన్నట్టు తుడుచుకుంటూ ఉండేవాడు కాబట్టి ఆ పేరు. పాపం, ఆ సీసాల మీది లేబుళ్ళను ఎప్పుడో చెదలు తినేశాయి. అందువల్ల మూడో అరలోని ఒక పొడుగాటి చేప పేరు మొదటి సంవత్సరం ఒకటి, రెండో సంవత్సరం ఒకటి, మూడో సంవత్సరం "పరీక్షలో రాదు". మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా కిటికీలు దడదడలాడి, అలమారాలో చచ్చిన చేపలన్నీ కాసేపు ఈదేవి. మా చదువులో కాస్తో కూస్తో కదలిక ఉన్నది ఆ ఒక్క ఘడియలోనే. ఆ సీసాలను బయటినుంచి వచ్చే ఎగ్జామినర్‌కు చూపించడానికి మొహం చెల్లక, సార్ ఒక ఉపాయం కనిపెట్టాడు. ప్రతి విద్యార్థీ అయిదు మంచినీటి చేపలు, అయిదు ఉప్పునీటి చేపలు సొంతంగా సేకరించి పరీక్ష రోజు తేవాలి. దానికి మార్కులు ఉంటాయి. చేపలను నిలవ ఉంచే ఫార్మలిన్ మాత్రం ఇంటికి పంపనన్నాడు. "మీ ఇండ్లల్ల సీస కనవడితె ఎవలో ఒకలు తాగుతరు. నాకెందుకా లొల్లి. పొద్దుగాల చేపలు తెచ్చి ఈడనే పోసుకోండ్రి" అన్నాడు.

ఉప్పునీటి చేపల కోసం నేను ఆదివారం అంగడికి వెళ్ళాను. ఇంకెక్కడికి వెళ్తాను? వంజరం, సొర్ర, సావడాయి, కవళ్ళు, నెత్తళ్ళు ఏరుకొచ్చి, మామిడికాయ పచ్చడి అయిపోయిన సీసాలు కడిగి, నీళ్ళు పోసి నానబెట్టాను. నానితే మళ్ళీ పచ్చిచేపలు అవుతాయని నా ఆశ. శనగలు నానితే ఉబ్బుతాయి కదా, చేపలకేం రోగం. మూడో రోజుకు నిజంగానే ఉబ్బాయి. నీళ్ళు గంజిలా తెల్లబడ్డాయి. వంజరం ముక్క నానిన సబ్బులా అయింది. వాసన సంగతి చెప్పను, పక్క క్వార్టర్ వాళ్ళు వచ్చి మా మోరీ జామైందా అని అడిగి వెళ్ళారు. రికార్డు పుస్తకంలో బొమ్మలు కూడా ఆ సీసాలను ముందు పెట్టుకునే గీశాను. పాఠ్యపుస్తకంలో తలలున్న బొమ్మలు ఉన్నాయి, నేను చూడకపోలేదు. కానీ "సూసింది సూసినట్టు గీయాలె, అదే సైన్సు" అని సీసాల సార్ మూడేళ్ళు నూరిపోశాడు. నేను సైన్సుకు కట్టుబడి, తలలు లేనివాటిని తలలు లేకుండానే గీసి, బాణం గుర్తులు పెట్టి, తోకకు మాత్రం పేరు రాశాను.

ఇక మంచినీటి చేపలు. ఆ ఏడు ఉద్యమం జోరు మీద ఉండి, ఇవాళ బంద్, రేపు రాస్తారోకో అని పరీక్షలు వాయిదా పడుతూ పడుతూ, ఎండాకాలానికి ముందు కావాల్సిన ప్రాక్టికల్స్ చివరికి జూన్‌లో, సరిగ్గా మిర్గం మర్నాడు వచ్చిపడ్డాయి. మిర్గం అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు. ఆ రోజు మా దిక్కు చేప తినని ఇల్లు ఉండదు. తింటే ఏడాదంతా దగ్గు, దమ్ము దగ్గరికి రావని నమ్మకం. బొగ్గుబాయి ఊళ్ళో ఆ నమ్మకానికి ఎంత గిరాకీ ఉంటుందో ఊహించుకోండి. అలాంటి రోజు పక్కన పరీక్ష తేదీ వేసినాయన కచ్చితంగా శాకాహారి అయ్యుంటాడని నా అనుమానం.

మిర్గం పొద్దున్నే గోదావరి బ్రిడ్జి దగ్గరికి వెళ్ళాను. పెళ్ళిలో భోజనాల దగ్గర ఉన్నంత తోపులాట. ఆ రద్దీలో నేను రకానికి ఒకటి చొప్పున రవ్వ, బొచ్చె, కొర్రమట్ట, జెల్ల, పాములా సన్నగా ఉండే పాపెర అడిగాను. అన్నీ చిన్నవి కావాలి, పొలుసు తీయవద్దు, కోయవద్దు, రెక్కలు విరగవద్దు. చేపలమ్మే కాక కత్తి పక్కన పెట్టి నా వైపు చూశాడు.

"కొయ్యకుండ తీస్కపోయి ఏం జేస్తవ్ బిడ్డా, సాదుకుంటవా?"

"పరీక్షకు కాక."

"శాపలకు పరీక్షనా, నీకా?"

వెనక ఉన్నవాళ్ళు నవ్వారు గానీ, కాక మంచివాడు, వెతికి వెతికి అయిదూ ఇచ్చాడు. ఇంటికి తెచ్చి బకెట్‌లో నీళ్ళు పోసి వేశాను. అమ్మ మందమర్రిలో మా పెద్దమ్మ బిడ్డ పురిటికి వెళ్ళింది, వంటిల్లు అవ్వ చేతిలో ఉంది. అందుకని అవ్వకు కనీసం పదిసార్లు చెప్పాను. ఇవి పరీక్షకు, ముట్టద్దు, రేపు పొద్దున తీసుకెళ్ళాలి, ఇవి లేకపోతే నేను ఫెయిలే అని. అవ్వ ఉల్లిగడ్డ తరుగుతూ "ఆఁ, ఆఁ" అంది. సాయంత్రం రికార్డు మీద సంతకం కోసం సీసాల సార్ ఇంటికి వెళ్ళాను. ఆయన ఇల్లు జ్యోతినగర్‌లో. వెళ్ళి, ఆయన మిర్గం భోజనం ముగించి చేతులు కడుక్కునేదాకా కూర్చుని, తలలేని చేపల వైపు చూడకుండా ఆయన పెట్టిన సంతకాలు తీసుకుని, వచ్చేసరికి పొద్దు గూకింది.

మా క్వార్టర్ల వరుస మొదలయ్యే చోటే చేపల పులుసు వాసన ఎదురొచ్చింది. ధనియాలు, ఎల్లిపాయ, చింతపండు, మెంతిపొడి. ఒక్కో ఇల్లు దాటుతూ ఇది వీళ్ళది, ఇది వాళ్ళది అని లెక్కగా పీల్చుకుంటూ నడిచాను. అన్నిటికంటే కమ్మటి వాసన మా ఇంట్లోంచే వస్తోంది. గడప దాటగానే చూశాను, బకెట్ బోర్లించి ఉంది.

"అవ్వా, బకెట్ల శాపలేవి?"

"గిన్నెల ఉన్నయి" అంది అవ్వ.

"పరీక్షకని చెప్పిన గదనే."

"మిర్గం నాడు ఇంట్ల శాపలు వెట్టుకోని పప్పు వండుమంటవా? కాళ్ళు కడుక్కోని రా, బువ్వ వెడుత."

మొదటి షిఫ్టు నుంచి వచ్చిన బాపు అప్పటికే కంచం ముందు ఉన్నాడు. నోట్లోంచి ముల్లు తీస్తూ "ఏం పరీక్ష?" అన్నాడు. సంగతి తెలిశాక చేతిలో ముద్ద కిందికి దించాలో పైకి ఎత్తాలో తెలియక కాసేపు అలాగే కూర్చుని, చివరికి పైకే ఎత్తాడు. నేను అవ్వను నానా మాటలు అన్నాను. చదువు సంధ్య లేనిదానివన్నాను, నా బతుకు జిరాక్స్ దుకాణంలో పడేశావన్నాను. అవ్వ బాపు కంచంలో ఇంకో గంటెడు పులుసు పోసింది. నేను తినలేదు. చిన్నప్పటి నుంచి అవ్వ మంచం మీద అవ్వ పక్కనే పడుకునే అలవాటు నాకు. ఆ రాత్రి గోడ వైపు తిరిగి ఏడ్చి ఏడ్చి నిద్రపోయాను.

పొద్దున సంచిలో అయిదు పచ్చడి సీసాలతో ఆటో ఎక్కాను. ఎప్పుడూ పదిమందిని కుక్కే ఆటోలో ఆ రోజు నా పక్కన చోటు ఖాళీగా ఉండిపోయింది. ఎగ్జామినర్‌గా వచ్చిన మేడం సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. పెద్ద కళ్ళద్దాలు, నవ్వని మొహం. నా వంతు వచ్చింది. మొదటి సీసా మూత తీసి, వెంటనే మళ్ళీ పెట్టేసింది.

"ఇదేంటమ్మా?"

"వంజరం మేడం."

"తల ఏది?"

"మా దిక్కు రాదు మేడం."

"రాదంటే?"

"మా అంగడికి గిట్లనే వస్తది మేడం."

ఆమె రికార్డు తెరిచింది. తలలేని వంజరం, తలలేని సావడాయి, తలలేని సొర్ర. పేజీ తిప్పేకొద్దీ ఆమె నా మొహం వైపు చూస్తోంది, నాకైనా ఉందా లేదా అన్నట్టు. వెనక నిలబడ్డ సీసాల సార్ కిటికీలోంచి ఏదో ముఖ్యమైన కాకిని పరిశీలిస్తున్నాడు. "సరే, మంచినీటివి చూపించు" అంది మేడం. ఎన్ని అబద్ధాలు తయారుచేసుకున్నానో, ఒక్కటీ నోటికి రాలేదు. "మా అవ్వ వండింది మేడం, నిన్న మిర్గం" అన్నాను. అనగానే ఏడుపొచ్చింది. అంతమంది ముందు ముక్కు ఎగబీలుస్తూ నిలబడ్డాను. ఆమె కలం మూత తీసింది. ఆ కలం కాగితం మీదికి వెళ్తుంటే నాకు మామ ప్లాస్టిక్ కుర్చీ కళ్ళ ముందు కనబడింది.

అప్పుడు తలుపు దగ్గర ఏదో గొడవ. అటెండర్ ఆపుతుంటే వాడి చేతి కింద నుంచి వంగి మా అవ్వ లోపలికి వచ్చేసింది. చెమటతో తడిసిన రైక, కాళ్ళ నిండా బొగ్గు దుమ్ము, చేతిలో బాపు డ్యూటీకి తీసుకెళ్ళే టిఫిన్ డబ్బా. ఆటో ఎక్కడం తెలియక క్వార్టర్ నుంచి నడిచే వచ్చింది.

"మేడం ఎవలు? నువ్వేనా బిడ్డా? ఈ పిల్ల తప్పేం లేదు. శాపలు తెచ్చింది, నేనే వండిన. నమ్మకుంటె సూడు" అని డబ్బా మూత తీసి ఆమె కాగితాల మీద పెట్టింది. ప్రయోగశాల చరిత్రలో మొదటిసారి అక్కడ మంచి వాసన వచ్చింది.

సీసాల సార్ అవ్వను బయటికి పంపబోయాడు. మేడం చెయ్యెత్తి ఆపింది. డబ్బాలోకి చూసింది, నన్ను చూసింది. "ముక్కలు తీసి ఏది ఏ చేపో చెప్పు. ఎలా తెలిసిందో కూడా చెప్పాలి" అంది. ఆ క్షణంలో నాకు ఏ పాఠ్యపుస్తకమూ గుర్తుకు రాలేదు. వేళ్ళతో ఒక ముక్క విప్పాను. కండలో రెండు పాయలుగా చీలిన సన్నటి ముళ్ళు, చిన్నప్పుడు నా గొంతులో ఇరుక్కుంటే అవ్వ అన్నం ముద్దలు మింగించిన ముళ్ళు. "రవ్వ మేడం" అన్నాను. ఇంకోదానికీ అవే ముళ్ళు, కానీ పక్కనే సగం డబ్బా ఆక్రమించిన తలకాయ ఉంది, కాబట్టి బొచ్చె. నడుమ ఒక్క ముల్లు తప్ప కండలో ఇంకేమీ లేనిది కొర్రమట్ట. పక్క రెక్కకు రంపంలా పళ్ళున్న ముల్లు ఉన్నది జెల్ల. చిత్రంగా, ముళ్ళు వేళ్ళకు తగులుతుంటే వాటి లాటిన్ పేర్లు కూడా వాటంతటవే బయటికొచ్చాయి. లేబియో రోహిటా, చన్నా స్ట్రయేటస్. బొచ్చెకు కట్ల కట్ల. (పేరు పెట్టినాయనకు రెండో మాట తోచక మొదటిదే మళ్ళీ చెప్పినట్టుంటుంది.) మధ్యలో అవ్వ ఊరుకోదు.

"పాపెర అడుగున ఉన్నదే, ఏలు వెట్టి తియ్యి."

"మీరు చెప్పకూడదమ్మా" అంది మేడం.

"నేనేం జెప్త లేను. కింద ఉన్నదంటున్న, అంతే."

అయిదూ అయ్యాక మేడం కాగితం మీద ఏదో రాసి, కలం మూసి, అవ్వ వైపు తిరిగింది. మూడు రోజులుగా లాడ్జి కింద హోటల్లో పప్పు చారు తింటోందట. స్టాఫ్ రూమ్‌లో కూర్చుని ఆ కూరతో అన్నం తిన్నది. పులుపు ఇంకాస్త పడాల్సిందంది. "మీ దిక్కు పులుసుల శాపలు ఈత గొడ్తయట గదా" అంది మా అవ్వ. కళ్ళద్దాల మేడం అప్పుడు నవ్వింది.

నేను పాసయ్యాను. ఉప్పునీటి చేపలకు సున్నా, వైవాకు నిండా మార్కులు. బాపు మాట మీద నిలబడ్డాడు. మామ ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టుకున్నాడు. నేను హన్మకొండ వెళ్ళాను, ఎమ్మెస్సీ అయింది, కరీంనగర్‌లో ఒక కాలేజీలో పిల్లలకు చేపలు చెప్పే ఉద్యోగం దొరికింది. ఈ కథ మాత్రం నాకు ఆస్తిలా మిగిలింది. హాస్టల్లో చెప్పాను, స్టాఫ్ రూముల్లో చెప్పాను, అవ్వ గొంతు పెట్టి "గిన్నెల ఉన్నయి" అనగానే ఎక్కడైనా నవ్వులే.

రాష్ట్రం వచ్చిన ఏడు, ఆ సంబరాలు ఇంకా చల్లారకముందే మిర్గం వచ్చింది. నాతో పనిచేసే ఇద్దరిని గోదావరిఖనిలో మా ఇంటికి భోజనానికి పిలిచి, అవ్వను ఎదురుగా కూర్చోబెట్టి మరీ కథ మొత్తం చెప్పాను. వాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు, అవ్వ కూడా నవ్వింది. వాళ్ళు వెళ్ళాక అవ్వ కంచాల్లోని ముళ్ళు ఒకచోటికి ఊడుస్తూ, నా వైపు చూడకుండా అంది.

"నలుగురి ముంగట నన్ను ఎడ్డిదాన్ని జేసి చెప్తవ్ గని, శాపలు పరీక్షకని నాకు ఎర్కనే బిడ్డా. పదిసార్లు జెప్తివి, ఎందుకు ఎర్కలేదు."

"మరెందుకు వండినవ్?"

"అవి లేకుంటె ఫెయిలైతనంటివి. ఫెయిలైతె అన్మకొండ పోవు గదా అనుకున్న."

 "మరి కాలేజీకి ఎందుకొచ్చినవే?" అని అడిగాను.

"ఒక్క గడియ ఏడ్చి ఊకుంటవనుకున్న. రాత్రంత నా పక్కన పండుకోని ఏడిస్తివి. నాతోని గాలె" అంది. ముళ్ళు చేటలోకి ఎత్తుకుని, పిల్లికి వేయడానికి దొడ్డివైపు వెళ్ళింది.

ఇప్పుడు నాలోని ఆ డిగ్రీ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. పులుసులో మునిగిన ముక్కను వేలితో తడిమి ఏ చేపో చెప్పగలిగేది, లాటిన్‌లో కూడా. ఒకే దుప్పటి కింద పక్కన పడుకున్న మనిషికి నిద్ర పట్టలేదని మాత్రం దానికి తెలియలేదు. హన్మకొండ బస్సెక్కిన రోజు కిటికీ సీటు దొరికిందని సంబరపడ్డట్టు గుర్తుంది. బస్టాండుకు అవ్వ వచ్చిందో లేదో ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు.